అద్దంలో మూడు చుక్కలు

ఆ మేడలో మూడో అంతస్తు చివరి వాటా ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా నడవరు. చెత్తబుట్ట కింద పెట్టి రావాలన్నా ఇద్దరు కలిసి బయల్దేరతారు. ఆ వాటాలో ఒక అద్దం ఉండేదట... చచ్చిపోయినవాళ్లు ఆ ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ల పేరు అందులో వెలిగేదట.

ఇప్పుడా అద్దం లేదు. గోడకి నాలుగు మేకులు మాత్రం మిగిలాయి. అయినా అద్దెకి దిగినవాళ్లు నాలుగు నెలలు తిరక్కుండా సామాను సర్దేసుకుంటారు. నాలుగు మేకులకి హడలిపోయే జనానికి ఏం చెబుతాం?

నాకీ సంగతి చెప్పింది ఎదురువాటా పిన్నిగారు. మామూలుగా గోరంతని కొండంత చేసే మనిషి. ఇది చెప్పేటప్పుడు మాత్రం ఎక్కడా ఒక్క ముక్క కలపలేదు. గొంతు కూడా పెంచలేదు. అందుకే నమ్మాను. నేను విన్నదే మీకూ చెబుతున్నాను.

ఆ వాటాలో ఉన్నావిడని అందరూ బొత్తాలమ్మ అనేవారు. రెడీమేడ్ చొక్కాల దుకాణం నుంచి మూటలు తెచ్చుకుని ఇంట్లో కూర్చుని బొత్తాలు కుట్టేది. ఎనిమిదో ఏట జ్వరమొచ్చి రెండు చెవులూ పోయాయి. అప్పటికే మాటలు వచ్చేశాయి కాబట్టి చక్కగా మాట్లాడేది. కాకపోతే గొంతు పెద్దది... తనకి వినపడదు కదా, ఎదుటివాళ్లకీ వినపడదేమో అన్నట్టు మాట్లాడేది. పెదాలు చూసి ఎవరి మాటైనా ఇట్టే పట్టేసేది. పెదాలు కనపడకపోతే మాత్రం ఏమీ చెయ్యలేకపోయేది.

ఆవిడ మొగుడు కొండల్లో సొరంగం తవ్వేచోట పంపు నడిపేవాడు. లోపల ఊరే నీళ్లని బయటికి తోడడం ఆయన పని. అక్కడ సెల్‌ఫోన్లు పనిచెయ్యవు. గేటు దగ్గర ఒకే ఒక్క ఫోను ఉండేది. రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగి పైకి రాగానే, ఆ గేటు ఫోన్లోంచి ఇంటికి ఒక్క రింగిచ్చి పెట్టేసేవాడు.

చెవులు వినపడని పెళ్లానికి రింగేమిటంటారా? అదే వాళ్ల పద్ధతి. ఒక రింగంటే... క్షేమంగా పైకొచ్చాను. రెండంటే... ఇవాళ డబుల్ డ్యూటీ. మూడంటే... రా, వెంటనే బయల్దేరు. ఫోన్ ఎత్తే పనే లేదు. తొమ్మిదవుతుండగా బొత్తాలమ్మ ఫోన్ మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చునేది. చేతికింద అది ఒక్కసారి ఝుమ్మనగానే, 'హమ్మయ్య' అనుకుని లేచి భోజనం చేసేది.

రెండు వీధుల అవతల ఒక్కతే ఉండే అత్తగారు కూడా ఈ పద్ధతి నేర్చుకుంది. ఒకటంటే తిన్నాను, పడుకుంటున్నాను. మూడంటే రా.

ఒక రాత్రి అత్తగారు మూడు రింగులిచ్చింది.

అప్పటికి పదకొండు దాటింది. ఫోన్ మీద చెయ్యి లేదు. బొత్తాలమ్మ పక్కగదిలో నిద్రపోతోంది. మళ్లీ మూడు... మళ్లీ మూడు... ఎదురువాటా పిన్నిగారికి వినపడుతూనే ఉందట. ఎవరో ఒకరు ఎత్తుతారులే అనుకుని పక్కకి తిరిగి పడుకుందట. పొద్దున్నే వెళ్లి చూస్తే అత్తగారు కుర్చీలోనే పోయి ఉంది. రిసీవరు ఒళ్లో ఉంది.

బొత్తాలమ్మని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మొగుడైతే అసలే అనలేదు. అంటేనే బాగుండేదని ఆవిడకి చాలాసార్లు అనిపించేది.

అప్పుడొచ్చాడు తమ్ముడు. ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేసే పని అతనిది. ఊరికే కూర్చోలేని మనిషి. "అక్కా, నువ్వింక ఫోన్ మీద చెయ్యేసుకుని కూర్చోనక్కర్లేదు. నీకో అద్దం చేసిపెడతాను" అన్నాడు.

పాత కంప్యూటర్ తెర ఒకటి ఊడదీసి, దాని ముందు ఒకరకం అద్దం బిగించాడు. మామూలప్పుడు అందులో మన మొహమే కనపడుతుంది. వెనక తెర వెలిగితే అక్షరాలు పైకి తేలతాయి. దానికి పేకముక్కల పెట్టంత చిన్న కంప్యూటరొకటి తగిలించి, ఇంటి ఫోనుకి కలిపాడు. ఎవరు ఫోన్ చేస్తున్నారో కనిపెట్టి అద్దంలో వేసే ప్రోగ్రాం ఎవరో రాసి అందరికీ ఊరికే ఇచ్చారట. దాన్ని తెచ్చి, అక్క కొలతలకి తగ్గట్టు కత్తిరించి కుట్టాడు.

అంకెలు తీసేశాడు. పేరొక్కటే ఉంచాడు, అదీ జానెడు అక్షరాల్లో. రింగుకో చుక్క పెట్టాడు. మూడో చుక్క ఎర్రగా వెలుగుతుంది. అసలు ప్రోగ్రాంలో రింగు ఆగిపోగానే పేరు కూడా పోయేది. అది కూడా మార్చాడు. అక్క వచ్చి వేలితో తాకితేనో, ఫోన్ ఎత్తితేనో తప్ప పేరు పోదు.

"నువ్వు చూసేదాకా అదక్కడే ఉంటుంది. ఇంక ఎవరి ఫోనూ తప్పిపోదు" అన్నాడు.

మొదటి వారం కాస్త పేచీ పెట్టింది. బావ ఫోన్ చేస్తే ఒకరోజు పేరు పడేది, ఒకరోజు 'ఎవరో' అని పడేది. తమ్ముడు రెండు రాత్రులు కూర్చుని ఏదో సర్దాడు. "చిన్న కిటుకులే" అని నవ్వాడు. ఆ తర్వాత పేరు తప్పలేదు. పాత డైరీలో ఉన్న నంబర్లన్నీ పేర్లతో సహా ఎక్కించాడు. అత్తగారి పేరు దగ్గర ఆగి అక్క మొహంలోకి చూశాడు.

"ఉండనీరా" అంది బొత్తాలమ్మ. ఆవిడ పేరు కూడా చేజేతులా తుడిచెయ్యడానికి మనసొప్పలేదు.

అద్దాన్ని నడవాలో, వంటింటికి ఎదురుగా నాలుగు మేకులు కొట్టి బిగించి, తమ్ముడు పనిమీద వేరే ఊరు వెళ్లిపోయాడు. ఐదు నెలలు హాయిగా గడిచాయి. తొమ్మిదింటికి అద్దంలో 'ఆయన' అని వెలిగేది. పక్కన ఒక తెల్ల చుక్క. బొత్తాలమ్మ వేలితో దాన్ని తాకి, ఎవరూ చూడట్లేదు కదా అని ఆ వేలిని పెదాలకి ఆనించుకునేది.

వానలు మొదలయ్యాయి.

ఆ రాత్రి తొమ్మిదైంది. అద్దంలో ఏమీ లేదు. తొమ్మిదింబావైంది. లేదు. రెండు చుక్కలైనా పడతాయేమోనని చూసింది... అవీ లేవు. కుట్టాల్సిన చొక్కాలు ఒళ్లో ఉన్నాయి గాని సూదిలోకి దారం ఎక్కట్లేదు. మంచినీళ్లు తాగుదామని లేచి వంటింట్లోకి వెళ్లింది. గ్లాసు పట్టుకుని వెనక్కి తిరిగింది...

నడవా అంతా ఎర్రగా ఉంది.

అద్దంలో జానెడు అక్షరాలు. 'అత్తయ్య'. పక్కన మూడు చుక్కలు. మూడోది ఎర్రది.

గ్లాసు ఎప్పుడు జారిందో ఆవిడకి తెలియదు. పాదాల మీద నీళ్లు పడితే తెలిసింది. ఆ అక్షరాల వెనకాల అద్దంలో తన మొహమే ఉంది... నోరు తెరుచుకుని. వేలితో తాకితే పేరు పోతుంది. తాకాలంటే దగ్గరికి వెళ్లాలి. వెళ్లలేకపోయింది. పేరు తెల్లవార్లూ అలాగే వెలిగింది. వంటింటి మూల, ఫ్రిజ్జుకి వీపు ఆనించి, బొత్తాలమ్మ దాన్ని చూస్తూ తెల్లవార్లూ కూర్చుంది.

పొద్దున దూరం నుంచే చీపురు కొసతో తాకి పేరు పోగొట్టి, తమ్ముడికి మెసేజ్ పెట్టింది... 'అద్దంలో అత్తయ్య పేరు పడింది. ఆ నంబరు ఇప్పుడెవరి దగ్గరుంది?'

జవాబు వెంటనే వచ్చింది. 'ఎవరి దగ్గరా లేదక్కా. అప్పుడే తీయించేశాం కదా. శనివారం వచ్చి చూస్తాను.'

'అద్దం దానంతట అదే రాస్తుందా?'

ఈసారి కాస్త ఆలస్యమైంది. 'రాయదక్కా. ఎవరో ఒకరు ఫోన్ చేస్తేనే పేరు పడుతుంది.'

ధైర్యం చెబుదామనే పెట్టి ఉంటాడు పాపం. అది చదివాక ఉన్న కాస్త ధైర్యం కూడా జారిపోయింది.

పిన్నిగారి తలుపు కొట్టి, గేటు ఫోనుకి చేసి చూడమంది. తనకి కావాల్సింది ఒక్కటే... ఆయన పైకొచ్చాడా, లేదా? పిన్నిగారు నాలుగుసార్లు చేసింది. తల అడ్డంగా ఊపింది. "లైను చచ్చిపోయిందే అమ్మాయీ. కొండల్లో కుంభవృష్టట. తీగలు తెగుంటాయి." అంతవరకు విని ఊరుకున్నా సరిపోయేది. బొత్తాలమ్మ అద్దం సంగతి చెప్పింది. పిన్నిగారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మూడా?" పెదాలు మాత్రమే కదిలాయి.

"మూడు. నేను వెళతాను పిన్నిగారూ. బస్సెక్కి ఆయన దగ్గరికి పోతాను."

పిన్నిగారు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పిచ్చిదానా... చచ్చినవాళ్లు రమ్మంటే వెళతారా ఎవరైనా? ఆ రోజు నువ్వు వెళ్లలేదని ఇప్పుడు పిలుస్తోంది. గుమ్మం దాటకు. నోటితో పేరెత్తకు. 'అత్తయ్యా' అని వరస పెట్టి పిలవకు. పిలిచావంటే పలుకుతుంది."

పిన్నిగారు నాతో ఈ ముక్క రెండుసార్లు చెప్పింది. "ఆ మాటన్నది నేనేనయ్యా" అంది.

సర్దుకున్న సంచీ గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

ఆ రోజే పట్టపగలు, కుడుతున్న చొక్కా పక్కన పెట్టి నడవాలోకి వచ్చేసరికి అద్దంలో మళ్లీ ఆ పేరు. చుక్కలు లెక్కపెట్టింది... పదకొండు. ఒకటీ మూడూ తప్ప ఇంకోటి ఎరగని అత్తగారు పదకొండు రింగులిచ్చింది! కోపమొచ్చిందేమో. కళ్లు మూసుకుని దుప్పటి ఒకటి అద్దం మీదికి విసిరేసింది. ఆ రాత్రి దుప్పటి వెనక ఎర్రగా కనపడింది. నేత సందుల్లోంచి ఆ వెలుగు నడవాలోకి కారుతూనే ఉంది.

'ఆయన' అన్న పేరు మాత్రం రెండు రాత్రులైనా పడలేదు.

అప్పుడు తట్టింది ఆవిడకి. అత్తగారు వచ్చింది తన కోసం కాదేమో. కొడుకుని తీసుకుపోతోందేమో. ఆ ఆలోచన వచ్చాక భయం ఒక పక్కకి జరిగిపోయింది. ఏడుపొచ్చింది, దాని వెనకాలే కోపమొచ్చింది.

మూడో రాత్రి దుప్పటి లాగేసి, అక్కడే ఉన్న పేరుని అదే చీపురుతో తాకి పోగొట్టింది. కుర్చీ అద్దానికి ఎదురుగా వేసుకుని ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. ఎనిమిదిన్నర... తొమ్మిది... తొమ్మిదీ ఇరవై.

అద్దం వెలిగింది. 'అత్తయ్య'.

ఒక చుక్క. ఒళ్లో ఫోను ఝుమ్మంది. అత్తగారు పోయాక ఆవిడ ఫోను తన చేతికింద అదరడం అదే మొదటిసారి... రెండో చుక్క... మూడో చుక్క ఎర్రబడగానే రిసీవరు ఎత్తేసింది.

చెవికి పెట్టుకోలేదు, పెట్టుకుని ఏం లాభం? మొహం ముందు పట్టుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"మీరు చచ్చిపోయారు! మీకూ ఈ ఇంటికీ ఇంకేం సంబంధం లేదు! నన్ను రమ్మనకండి... నేను రాను! మళ్లీ ఫోన్ చేశారంటే ఈ తీగ పీకి పారేస్తాను!"

చేతిలో రిసీవరు సన్నగా అదిరింది. అవతల ఎవరో మాట్లాడితే అదిరినట్టు... ఒకసారి... ఇంకోసారి. ఏమన్నారో ఆవిడకెలా తెలుస్తుంది? పెదాలా కనపడవు. అద్దంలోకి చూసింది. అక్కడ తన పెదాలే వణుకుతున్నాయి.

తర్వాత రిసీవరు అదరడం ఆగిపోయింది.

ఆ అరుపుకి పిన్నిగారు మంచం మీద లేచి కూర్చుని, తెల్లారేదాకా దీపం ఆర్పలేదట.

నాలుగో రాత్రి అద్దంలో ఏమీ పడలేదు. పీడ వదిలిందనుకుంది బొత్తాలమ్మ. ఆ పేరు పడ్డాక మొదటిసారి దగ్గరికెళ్లి అద్దం మీద చెయ్యి వేసింది, చల్లగా తగిలింది. కానీ పదైంది, పదకొండైంది... 'ఆయన' అని కూడా పడలేదు. అద్దం ముందు నిలబడి "ఒక్క చుక్క... ఒక్కటి చాలు" అని బతిమాలుకుంది. అద్దాన్ని బతిమాలితే ఏమొస్తుంది?

శనివారం పొద్దున తమ్ముడు దిగాడు. అక్క మొహం చూసి, కాళ్లు కూడా కడుక్కోకుండా ల్యాప్‌టాప్ తెరిచాడు. "ఎన్ని ఫోన్లొచ్చాయో, ఏ నంబరు నుంచి వచ్చాయో అంతా లోపల రాసుంటుంది. అద్దంలో అంకెలు తీసేశాను గాని ఇందులో ఉంటాయి" అన్నాడు. పిన్నిగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

తమ్ముడు చూశాడు. మళ్లీ చూశాడు. మొహం పాలిపోయింది.

"ఇది అత్తయ్యగారి నంబరు కాదక్కా."

"మరి?"

"కొండల్లో ఫోను. గేటుది కాదు... వేరే." నెట్లో వెతికాడు. అతని పెదాలు తడబడ్డాయి, ఆవిడ పట్టుకోలేకపోయింది. చొక్కాల మూట మీదున్న చీటీ చింపి రాసిచ్చాడు... 'సొరంగం వాళ్ల ఆస్పత్రి.'

ఆ మొదటి వారంలో చేసిన కిటుకు అప్పుడు చెప్పాడు. కొండల నుంచి వచ్చే నంబరుకి ముందర ఒకసారి సున్నా ఉండేది, ఒకసారి ఊరి కోడ్ ఉండేది, ఒకసారి ఏదీ ఉండేది కాదు. అందుకే బావ పేరు సరిగ్గా పడేది కాదు. నంబరంతా కలవక్కర్లేదు, వెనక నాలుగంకెలు కలిస్తే పేరు వేసెయ్యమని అద్దానికి చెప్పాడు. "ఆ ఆస్పత్రి నంబరుకి వెనక నాలుగూ... అత్తయ్యగారి నంబరుకి వెనక నాలుగూ... ఒకటే అక్కా."

"అయితే ఆ మూడు రింగులు..."

తమ్ముడు ల్యాప్‌టాప్ పక్కకి నెట్టాడు. ఫోన్ ఎత్తి ఆ నంబరుకి చేశాడు. బొత్తాలమ్మ అతని ఎదురుగా కూర్చుని కళ్లార్పకుండా పెదాలనే చూసింది. అతను 'అవును' అన్నాడు. 'ఆవిడ తమ్ముణ్ణి' అన్నాడు. 'ఎప్పుడు?' అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు పెదాలు కదల్లేదు.

అవతల మాట్లాడింది నర్సు. పంపు గదిలోకి నీళ్లు ముంచుకొచ్చి, ఇనప దూలం ఒకటి ఆయన కాలిమీద పడింది. నంబర్లన్నీ ఉన్న ఆయన సెల్‌ఫోన్ కూడా నీళ్లపాలైంది. గుర్తున్న నంబరు ఇంటిదొక్కటే. వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళితే కాలు దక్కుతుందన్నారు. కానీ ఇంటివాళ్లు ఒకరు తోడుంటేనే పంపుతామన్నారు. 'మా ఆవిడకి వినపడదు. మూడు రింగులిస్తే చాలు, పరిగెత్తుకొస్తుంది' అన్నాడట. రోజూ రాత్రి మంచాన్ని ఫోను దాకా నెట్టించుకుని తనే రింగులిచ్చేవాడట. మధ్యలో ఒకరోజు కంపెనీ మనిషి చేశాడు. పదకొండు రింగుల దాకా చూసి, ఎవరూ ఎత్తట్లేదని పెట్టేశాడు.

"మూడో రాత్రి ఎవరో ఎత్తారండి" అందట నర్సు. "ఆయన రెండుసార్లు ఏదో పేరు పిలిచాడు. తర్వాత పెట్టేశాడు. ఎవరు మాట్లాడారంటే రాంగ్ నంబరన్నాడు. ఇంక ఎవరికీ చెయ్యక్కర్లేదన్నాడు. పొద్దున్నే కాలు తీసే కాగితం మీద తనే సంతకం పెట్టేశాడు."

కాలు మోకాలి కిందనుంచి తీసేశారు.

తమ్ముడు ఇదంతా చీటీల మీద రాసి ఒక్కొక్కటే అందించాడు. ఆఖరి చీటీ అందుకున్నాక బొత్తాలమ్మ అరవలేదు, ఏడవలేదు. "ఎత్తింది నేనేరా" అంది. ఆవిడ అంత మెల్లగా మాట్లాడగా పిన్నిగారు వినడం అదే మొదలట.

ఆ సాయంత్రమే బస్సెక్కారు. ఆస్పత్రికి చేరేసరికి వార్డులో దీపాలు తగ్గించేశారు. చివరి మంచం మీద ఆయన పడుకుని ఉన్నాడు. దుప్పటి కింద ఒక పక్క ఎత్తుగా ఉంది, ఇంకో పక్క చదునుగా ఉంది.

దారి పొడుగునా ఆవిడ ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే వచ్చింది. అద్దం, అత్తయ్య పేరు, నాలుగంకెలు... అన్నీ. మంచం పక్కన నిలబడేసరికి చూపు ఆ చదును దగ్గరే ఆగిపోయింది. ఆయన కళ్లు తెరిచాడు. ఆవిణ్ణి చూశాడు. పెదాలు కదిలాయి గాని ఆ మసక వెలుతురులో ఆవిడకి అందలేదు.

ఆయనకీ అది తెలుసు. చెయ్యి చాచి ఆవిడ అరచెయ్యి తెరిచాడు. చూపుడువేలితో ఒక్కో అక్షరమే రాశాడు. ఆవిడ ఒక్కోటే కూడబలుక్కుంది.

'నేను చచ్చిపోయానని... నీకెవరు చెప్పారు?'